గాజు తొట్టిలో గెడ్డ

గెడ్డలో ఉన్న రాయిని ఎవరూ అక్కడ పెట్టలేదు. వానాకాలం వరద దొర్లించుకొచ్చి, నీటి ఊపు తగ్గిన చోట వదిలేసి పోయింది. ఒడ్డున చెట్టు కూలితే దాని వేరుమొద్దు ఏళ్ల తరబడి నీటిలో నానింది. బెరడు ఊడింది, మెత్తటి భాగం కుళ్లిపోయింది, గట్టి చేవ మాత్రం మిగిలింది. రాయి వెనక నీరు నెమ్మదించింది కాబట్టి అక్కడ ఇసుక చేరింది. ఇసుక చేరింది కాబట్టి నీటిమొక్క పాతుకుంది. మొక్క ఉంది కాబట్టి పరిగెపిల్లలు అక్కడ దాక్కుంటాయి. గెడ్డ అందం ఎవరో చూడాలని పుట్టింది కాదు. బతుకు కుదిరిన చోట అందం దానంతటదే కనిపిస్తుంది.

మరి ఆ రాళ్లనూ ఆ దుంగనూ తెచ్చి మన చేత్తో గాజు తొట్టిలో అమర్చితే? సైన్సు గదిలో అక్వేరియం పెడదామనుకునే ఉపాధ్యాయులూ, పట్నంలో చూసి ముచ్చటపడిన యువకులూ మనలో ఉన్నారు. మొక్కలుండాలి, ఎక్కువ పని ఉండకూడదు అన్నది అందరి కోరిక. కోరిక చిన్నదే, కానీ దాని లోపల ఒక ప్రశ్న ఉంది. ఇంకొకరి బతుకును అమర్చేటప్పుడు ఎవరిని దృష్టిలో పెట్టుకోవాలి? గాజు బయట నిలబడి చూసేవాళ్లనా, లోపల బతికేవాళ్లనా? మన్యంలో పుట్టిన మనకు ఈ ప్రశ్న కొత్తది కాదు. మనల్ని కూడా చాలామంది చాలాసార్లు అమర్చారు.

తొట్టిని అమర్చడంలో రెండు దారులున్నాయి. మొదటి దారికి పేరు తెచ్చినవారు జపాన్‌కు చెందిన తకాషి అమానో (1954–2015). ఆయన ఫొటోగ్రాఫర్. అడవులను ఫొటోలు తీసిన కన్నుతోనే రాళ్లు, కట్టెలు, మొక్కలు పేర్చి ‘నేచర్ అక్వేరియం’ అనే పద్ధతిని ప్రపంచానికి చూపించారు. అందులో ఇవగుమి అనే శైలిలో రాళ్లదే పెత్తనం. రాళ్లు మూడో ఐదో, బేసి సంఖ్యలో ఉంటాయి. అన్నిటిలో పెద్ద రాయిని నడిమధ్య పెట్టరు, ఒక పక్కకు, సుమారు మూడోవంతు దూరంలో నిలబెడతారు. మిగతావి దానికి ఒదిగి, ఒకే వరద తెచ్చినట్టు ఒకే దిక్కుకు వాలి ఉంటాయి. చూస్తే ఎవరూ పేర్చినట్టుండదు. కానీ అలాంటి తొట్ల వెనక బలమైన దీపాలు, కార్బన్ డయాక్సైడ్ సిలిండరు, ద్రవ ఎరువులు, కత్తెర పట్టిన చేయి ఉంటాయి. ఆ చేయి కొన్ని వారాలు ఆగితే ఆ ‘అడవి’ రూపు చెదిరిపోతుంది.

రెండో దారి గురించి అమెరికాకు చెందిన డయానా వాల్‌స్టాడ్ 1999లో ఒక పుస్తకం రాశారు. అడుగున మామూలు మట్టి, దానిమీద పలుచగా ఇసుక, నిండా మొక్కలు, కొద్దిపాటి చేపలు. చేపల మలం నుంచి, తినగా మిగిలిన మేత నుంచి అమ్మోనియా పుడుతుంది. అది చేపకు విషం. మొక్కలు దాన్ని ఆహారంగా తీసుకుంటాయి. రాళ్ల మీద, కట్టె మీద, ఇసుకలో స్థిరపడిన బాక్టీరియా మిగిలినదాన్ని ముందు నైట్రైటుగా, తర్వాత అంతగా హాని చేయని నైట్రేటుగా మారుస్తాయి. ఒకరి మురికి ఇంకొకరి తిండి అవుతుంది. మొదటి దారిలో తొట్టి ప్రకృతిలా కనిపిస్తుంది. రెండో దారిలో చాలావరకు ప్రకృతిలా పనిచేస్తుంది. కనిపించడం వేరు, పనిచేయడం వేరు. తక్కువ పని కావాలనుకునేవారు పట్టవలసింది రెండో దారినే.

అలా చూస్తే, అమర్చేటప్పుడు పాటించే ప్రతి నియమానికీ లోపల బతికేవాటి వైపు నుంచి ఒక కారణం దొరుకుతుంది. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న తొట్టిలో 50 లీటర్లకు పైగా నీరు పడుతుంది. రాళ్లు, మట్టి కలిస్తే బరువు ఇంకా ఎక్కువ, కాబట్టి బల్ల గట్టిదై ఉండాలి. ముందు పెద్ద రాళ్లను అడుగున కుదురుగా నిలిపి, ఆ తర్వాతే మట్టి, ఇసుక పోయాలి. ఇసుక మీద రాయి పెడితే చేప తవ్వినప్పుడు రాయి ఒరిగి చేపా నలుగుతుంది, గాజూ పగులుతుంది. రాయికీ గాజుకీ మధ్య నీరు తిరిగే సందు వదలాలి, లేకపోతే అక్కడ మురికి నిలుస్తుంది. దుంగను వాలుగా పెట్టి కింద నీడ మిగల్చాలి. దాక్కునే చోటు లేని చేప ఎప్పుడూ బెదురుతూనే ఉంటుంది. ముందుభాగం ఈదడానికి ఖాళీగా ఉండాలి. జావా ఫెర్న్ లాంటి మొక్క దుంపను మట్టిలో పూడిస్తే కుళ్లుతుంది, దాన్ని దారంతో దుంగకు కట్టాలి.

రాయినీ కట్టెనూ కూడా పరీక్షించి తీసుకోవాలి. రాయి మీద వెనిగరో నిమ్మరసమో చుక్క వేస్తే నురగ వస్తే అందులో సున్నం ఉన్నట్టు. అది నీటిలో కొద్దికొద్దిగా కరిగి నీటిని గట్టిపరుస్తుంది. బొర్రా గుహలను తొలిచింది నీరే, అక్కడిది సున్నపురాయి కాబట్టి. నురగ రాకపోతే ఆ రాయి చాలావరకు పనికొస్తుంది. కట్టె విషయానికొస్తే, గోరు దిగేంత మెత్తగా ఉన్నదీ, లోపల పచ్చి ఉన్నదీ, జిగురు కారేదీ వద్దు. ఎండి చేవదేరిన ముక్కను నీళ్లు మారుస్తూ కొన్ని వారాలు నానబెట్టాలి. నీరు టీ రంగుకు తిరుగుతుంది, అది టానిన్, దాంతో భయం లేదు. కొత్త కట్టె మీద తెల్లటి జిగట పొర కడుతుంది, కొన్నాళ్లకు అదే పోతుంది. మొక్కలు నాటాక నాలుగు నుంచి ఆరు వారాలు ఆగి, ఆ తర్వాతే ఆరో ఎనిమిదో చిన్న చేపలను వదలాలి. ఈ ఓపిక చూపకపోతే తొట్టి అందంగా ఉన్నా చేపలు చస్తాయి.

ఇక్కడ ఇంకో ప్రశ్న వస్తుంది. మన పని తగ్గిందంటే ఆ పని ఎక్కడికి పోయింది? కొంత మొక్కలూ బాక్టీరియా తీసుకున్నాయి, అది న్యాయమే. ఎందుకంటే అది వాటి బతుకులో భాగం. కానీ కొంత బరువు మన కంటికి కనిపించని చోట పడుతుంది. పడమటి కనుమల్లో, కేరళ ఏళ్లలో, ఎర్ర గీతతో మెరిసే డెనిసన్ బార్బ్ అనే చేప ఉంది. అక్వేరియం వ్యాపారం కోసం దాన్ని ఏళ్లలోంచి విపరీతంగా పట్టారు. ఇప్పుడది అంతరించే ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో ఉంది. ఎక్కడో ఒక గదికి వచ్చిన మెరుపు ఆ ఏటి నుంచి పోయిందే.

మన గెడ్డకూ ఇదే వర్తిస్తుంది. ఇలాంటి కట్టెను నగరాల దుకాణాల్లో డ్రిఫ్ట్‌వుడ్ పేరుతో అమ్ముతారు. మనకు అది వరద దుంగ. దానికి ధర ఉందని తెలిశాక ఆటో నిండా నింపుకుపోవాలనిపించవచ్చు. కానీ గెడ్డలో అడ్డంగా పడిన దుంగ నీటిని ఆపి మడుగు చేస్తుంది, ఎండాకాలంలో చేప ఆ మడుగులోనే బతుకుతుంది. రాయి అడుగున నీటి పురుగుల పిల్లలు పెరుగుతాయి, వాటిని తినే చేపలు ఆ చుట్టుపక్కలే తిరుగుతాయి. బడికి మూడు రాళ్లు, ఒక దుంగ తెస్తే గెడ్డ తట్టుకుంటుంది. బేరానికి లోడు ఎత్తితే తట్టుకోలేదు.

ఆ దుంగ ఎవరిది అని చట్టాన్ని అడిగితే, చట్టం రెండు కాలాల్లో రెండు గొంతులతో మాట్లాడింది. 1927 నాటి భారత అటవీ చట్టం 45వ సెక్షను ప్రకారం నీటిలో కొట్టుకొచ్చిన, ఒడ్డున చిక్కుకున్న కలప, ఎవరైనా తమదని రుజువు చేసుకునేదాకా ప్రభుత్వానిదే. వరద తెచ్చినది కూడా దొరదే అన్నమాట. 2006 అటవీ హక్కుల చట్టం ఇంకోలా మాట్లాడింది. మనకు యాజమాన్య హక్కు ఇచ్చిన చిన్నతరహా అటవీ ఉత్పత్తుల్లో వెదురు, తేనెలతో పాటు పొదకట్టె, మొద్దులు కూడా ఉన్నాయి. నీటి వనరుల్లోని చేపల మీద సాముదాయిక హక్కునూ అది గుర్తించింది. అయితే అదే చట్టం 5వ సెక్షనులో నీటి వనరులను, పరీవాహక ప్రాంతాన్ని కాపాడే బాధ్యతను హక్కుదారుల మీదా గ్రామసభ మీదా పెట్టింది. హక్కు గురించి మన సభల్లో గట్టిగా మాట్లాడుకుంటాం. బాధ్యత గురించీ అంతే గట్టిగా మాట్లాడుకున్నప్పుడే ఆ హక్కుకు బలం.

ఇక అమర్చబడిన మన సంగతి. మ్యూజియాల్లో గాజు వెనక మన బొమ్మలున్నాయి. చేతిలో విల్లు, తలపాగా, పక్కన గుడిసె. చూసేవాళ్ల కళ్లకు అమరిక బాగానే కుదిరింది. ఆ బొమ్మకు పోడు లేదు, అప్పు లేదు, సొంత భాషలో బడికి పోవాలనే కోరిక లేదు. పోలవరం ముంపు నుంచి తరలించిన కోయ, కొండరెడ్డి కుటుంబాల కోసం కాలనీలు కట్టారు. వరుసలో ఇళ్లు, సిమెంటు రోడ్లు. ఇల్లు ఉంది. కానీ ఇంటితోపాటు ఉండవలసిన అడవి, ఏరు, పశువులు మేసే బీడు ఆ వరుసలోకి రాలేదు. రాయిని సరిగ్గానే నిలబెట్టారు, దాని వెనక ఇసుక ఎందుకు చేరుతుందో ఆలోచించలేదు.

ఈ పోలిక ఒకచోట ఆగాలి. మనం చేపలం కాదు. చేపను అడగలేం. దాని రెక్కల కదలికను, రంగును, దాక్కునే తీరును చూసి తెలుసుకోవాలి. అందుకే తొట్టి అమర్చేవాడికి గమనించడమే ధర్మం. మనిషి విషయంలో గమనించడం చాలదు, అడగాలి. అడిగే చోటు గ్రామసభ. నోరు లేని చేపకు ఏం కావాలో తెలుసుకోవడానికి ఆరు వారాలు ఆగుతాం. మరి నోరున్న మనుషుల బతుకును ఒక్క సభ కూడా సరిగ్గా పెట్టకుండా అమర్చేవారికి ఏ సాకు మిగులుతుంది? ఈ ప్రశ్న బయటివాళ్లకు మాత్రమే కాదు. పిల్లల చదువును, పెళ్లిని, ఊరి పనులను వాళ్లను అడగకుండా పేర్చే మన ఇళ్లకూ, బడులకూ వర్తిస్తుంది.

గెడ్డ పక్కనే ఉండగా తొట్టి ఎందుకని మన యువకులు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. చూడముచ్చట కోసమే అయితే అక్కరలేదు. గెడ్డలో కలిసిపోయి కనిపించని పనిని, ఒకరి మురికి ఇంకొకరి తిండి కావడాన్ని, పిల్లలకు విడదీసి చూపించడానికైతే పనికొస్తుంది. అప్పుడు కొన్ని కట్టుబాట్లు పెట్టుకుందాం. రాయి ఎత్తే ముందు దాని అడుగున ఏముందో చూద్దాం. ప్రాణం అంటిపెట్టుకుని ఉంటే ఉన్నది ఉన్నట్టు దించేద్దాం. తొట్టి తీసేసిన రోజున రాళ్లనూ దుంగనూ ఎండలో బాగా ఎండబెట్టి, తెచ్చిన చోటే పెడదాం. కొన్న చేపలను, మొక్కలను మాత్రం గెడ్డలో వదలవద్దు. పూవు బాగుందని తెచ్చిన గుర్రపుడెక్క మన చెరువులను కప్పేసింది. తొట్టిలోంచి బయటపడిన దెయ్యం చేప ఇప్పుడు మన నీళ్లలో వలలు చింపుతోంది. చేతిలోది వదిలేయడం అన్నిసార్లూ దయ కాదు.

చివరిది వేసవి సెలవులు. ఆశ్రమ పాఠశాల నెలన్నరకు పైగా మూతపడుతుంది. ఎండకు నీరు ఇంకుతుంది, కరెంటు పోతుంది. తక్కువ పని అంటే పని లేదని కాదు. అమర్చినవాళ్లు పక్కన లేని రోజుల్లో కూడా లోపలివి నిలదొక్కుకునేలా ముందే ఆలోచించడం. వారానికోసారి వచ్చి నీరు నింపే మనిషి ఊళ్లో ఉంటే చేపలు పెడదాం. అలాంటి మనిషి లేకపోతే ఆ తొట్టిలో రాళ్లు, దుంగ, నీటిమొక్కలు చాలు. చేపలను చూడటానికి పిల్లలను గెడ్డకే తీసుకెళదాం.