హత్యాకథలును ఊరి పేరును

మనుష్యుడు హత్యను ద్వేషించును; హత్యాకథను ప్రేమించును. ఈ రెండును ఒక్క హృదయమునందెట్లిముడుచున్నవో ఆలోచింపదగినది. పగలెల్ల చీమను త్రొక్కుటకు జంకు గృహస్థుడు రాత్రి భోజనమైన పిదప హంతకుని కథను చేతబట్టి నిద్ర మానుకొనును. నేడు తెరమీద దానినే ఆలుబిడ్డలతోగూడ చూచుచున్నాడు. ఇది యంతయు పాపమని త్రోసివేయుట సులభము. వినోదమేకదా యని ఊరకుండుట మఱింత సులభము. ఏ హత్యాకథ మనస్సును మేల్కొలుపును, ఏది మొద్దుబార్చును అని విడదీసి చూచుట మాత్రము కష్టము. ఆ కష్టమునే యిచ్చట కొంత పడదలచితిమి.

ఇటీవల మేము 1971లో వెలువడిన ‘టెన్ రిల్లింగ్టన్ ప్లేస్’ అను ఇంగ్లీషు చలనచిత్రమును చూచితిమి. అది కల్పితకథ కాదు. లండను నగరములో పేదలు కాపురముండు ఒక ఇఱుకు వీధి. అందు పదవ నంబరు ఇల్లు. క్రింది వాటాలో జాన్ క్రిస్టీ యనువాడు, పై వాటాలో తిమోతి ఎవాన్సు అను పడుచువాడు, వాని భార్య, పసిబిడ్డ. 1949లో ఆ తల్లియు బిడ్డయు హత్యకు గురియైరి. ఎవాన్సునకు చదువు లేదు. చెప్పిన మాటమీద నిలుకడయు లేదు. క్రిస్టీ మెల్లగా, మర్యాదగా మాటలాడువాడు. యుద్ధకాలమున పోలీసు ఉడుపు ధరించినవాడు. న్యాయస్థానము మర్యాదస్థుని సాక్ష్యమును నమ్మినది. చదువులేనివాని మొఱను నమ్మలేదు. 1950 మార్చి 9వ తేదీన ఎవాన్సును ఉరిదీసిరి. మూడేండ్లకు అదే యింట మఱికొందఱు స్త్రీల శవములు బయటపడెను. 1953 జూలైలో క్రిస్టీని ఉరిదీసిరి. 1966లో, చనిపోయిన పదునాఱేండ్లకు, ఎవాన్సునకు ప్రభుత్వము క్షమాభిక్ష నొసంగినది. పుచ్చుకొనుటకు మనుష్యుడు లేడు. హత్యానేరమునకు ఉరిశిక్ష వలదని ఆ దేశమున వాదించినవారికి ఈ యుదంతము గొప్ప ఆధారమైనది. 1965లో ఆ శిక్షను నిలిపివేసిరి.

ఈ చిత్రమును చూచినవాడు హంతకుని మెచ్చుకొనడు. రిచర్డ్ అటెన్‌బరో ధరించిన క్రిస్టీ పాత్రలో ఘనత యేమియు లేదు. టీ కాచి యిచ్చును, గుసగుసలాడును, చంపును. ఉరి దృశ్యము కొన్ని క్షణములలో ముగియును. అయినను ఇంటికి వచ్చిన పిదప మాకు నిద్ర పట్టలేదు. మమ్ము బాధించినది హంతకుని క్రౌర్యము కాదు. మేమును బడిపంతులము; సాక్ష్యములను విచారించుట మాకును నిత్యకృత్యమే. తరగతిలో పలక పగిలినప్పుడు, డబ్బు పోయినప్పుడు, శుభ్రమైన చొక్కా తొడిగి తడబడక మాటలాడు బాలుని మేమెన్నిమాఱులు నమ్మలేదు! నత్తిగా మాటలాడు బీదవానిని ఎన్నిమాఱులు నిలువబెట్టలేదు! ఆ లెక్క ఆ రాత్రి మా యెదుటికి వచ్చినది. చూచువానిని న్యాయాధిపతి పీఠమునుండి దింపి బోనులో నిలువబెట్టు హత్యాకథ ధర్మసమ్మతమైన కథ యని మాకు తోచినది.

ఆ వీధిని గూర్చి మఱియొక విషయము కలదు. క్రిస్టీ సంగతి లోకమునకు తెలిసిన పిదప అచ్చటి కాపురస్థులకు చిరునామా చెప్పుకొనుటయే సిగ్గయ్యెను. 1954లో వీధి పేరు మార్చి రస్టన్ క్లోజ్ అనిరి. తరువాత ఇండ్లనే పడగొట్టిరి. ఒక్కడు చేసిన పాపము గోడలకంటెను, పలకకంటెను ఎక్కువకాలము పేరును పట్టుకొని నిలిచినది. నేరము చేయనివాడు ఆ పేరు మోయవలసివచ్చుట, చేయని నేరమునకు ఎవాన్సు శిక్ష ననుభవించుటవంటిదే. మోతాదు మాత్రమే తక్కువ.

ఈ మాట వ్రాయునప్పుడు మా మనస్సు లండనులో లేదు. కర్నూలులోను కడపలోను ఉన్నది. మాకును పేరు మార్చుకొనిన చరిత్ర కలదు. 1800లో నిజాము ఈ ప్రాంతమును కుంపిణీవారికి అప్పగించుటచే దీనికి దత్తమండలము లను పేరు వచ్చెను. ఒకరు ఇచ్చివేసిన వస్తువు పేరది. 1928లో నంద్యాలలో జరిగిన సభలో చిలుకూరి నారాయణరావుగారు సూచింపగా రాయలసీమ యను పేరు గ్రహించితిమి. మనుష్యులు తలయెత్తుకొని తిరుగుటకై పెట్టుకొనిన పేరది. ఆ పేరునకు తెర చేసినదేమి?

1997లో ‘ప్రేమించుకుందాం రా’, 1999లో ‘సమరసింహారెడ్డి’, 2002లో ‘ఇంద్ర’, 2003లో ‘ఒక్కడు’. వీనివెంబడి లెక్కకు మిక్కిలి చిత్రములు. సుమోలు దుమ్ము లేపుకొని వచ్చును, వేటకొడవండ్లు లేచును, నాటుబాంబులు ప్రేలును, తొడ చఱచిన చప్పుడుకు థియేటరు ఈలలతో మాఱుమ్రోగును. విజయనగర కాలపు కోటకు మిగిలిన కొండారెడ్డి బురుజు నేడు పలువురకు ఒక సినిమాలోని దెబ్బలాట జరిగిన చోటుగానే తెలియును. అన్నమయ్యయు మొల్లయు పుట్టిన కడపసీమ, ‘మల్లీశ్వరి’ తీసిన బి.ఎన్. రెడ్డిగారిని కన్న కడపసీమ, ఆ బి.ఎన్. రెడ్డిగారి కళలోనే కత్తికి మాఱుపేరైనది.

మా శిష్యుడొకడు ఉన్నతవిద్యకై దూరపు పట్టణమునకు పోయి అద్దెగది వెదకెను. ఊరు కర్నూలని చెప్పగానే ఇంటి యజమాని నవ్వి, “ఏమయ్యా, పెట్టెలో బాంబులు తెచ్చితివా?” అనెనట. గది యిచ్చెను, పరిహాసమునకే అనెను. కాని ఆ పిల్లవాని తండ్రి వానకొఱకు మొగము పైకెత్తి చూచుటయే గాని ఎవరిమీదను చేయి యెత్తి యెఱుగడు. సెలవులకు వచ్చి మాతో ఈ మాట చెప్పి, “అయ్యవారూ, రెండవ సంవత్సరము నుండి మాది హైదరాబాదు పక్క అని చెప్పుచున్నాను” అనెను. రిల్లింగ్టన్ వీధివారు పలక మార్చిరి. మావాడు ఊరే మార్చుకొనినాడు.

“అయిన, కక్షలు లేవా? హత్యలు జరుగలేదా?” అని చదువరులడుగుదురు. జరిగినవి. దానిని దాచుట అసత్యము. తండ్రికొఱకు కొడుకు, అన్నకొఱకు తమ్ముడు కత్తిపట్టిన యిండ్లు కలవు. పెద్దల పౌరుషమునకు బీదలైన అనుచరులు ప్రాణములిచ్చిన పల్లెలు కలవు. కావుననే మా ఫిర్యాదు, మీరు మా హత్యలను చూపితిరనుట కాదు, సగమే చూపితిరనుట.

వ్యాసుడు హత్యలను చూపలేదా? సౌప్తికపర్వమున అశ్వత్థామ నిద్రించుచున్నవారిని చంపిన రాత్రికంటె ఘోరమైన రాత్రి యే చిత్రమునందు కలదు? కాని మహర్షి అచ్చట కథ ముగింపలేదు. వెంటనే స్త్రీపర్వము నుంచెను. గాంధారిని, కోడండ్రను రణభూమికి నడిపించి, ఒక్కొక్క శవమునకు దాని తల్లిని, భార్యను చూపెను. పాండవులు గెలిచిరను మాట చదువరి నోట చేదయ్యెను. మన సినిమావారు సౌప్తికపర్వమును తీసికొని స్త్రీపర్వమును కత్తిరించివేసిరి. గాలిలోనికెగిరి పడిన అనుచరునకు తెరమీద పేరైనను లేదు. వాని భార్య రేషను కార్డులో పేరెట్లు మార్పించుకొనెనో, వాని బిడ్డ బడి యేల మానెనో యెవరికిని పట్టదు. లెక్కింపబడని శవమే మొద్దుబారిన మనస్సునకు గుఱుతు.

ఈ తప్పును పరిశ్రమ కొంత యెఱుగకపోలేదు. 2018లో వచ్చిన ‘అరవింద సమేత వీర రాఘవ’లో కక్షవలన నష్టపోయిన స్త్రీల మాటకు చోటు దొరకినది. ఆ చిత్రమునందును కత్తులు తక్కువ కాలేదు. అయినను మార్గము కనబడినది.

కావున గృహస్థులకు మా విన్నప మిది. హత్యాకథలను మానుడని మేము చెప్పము, మేమే మానలేదు. చూచి యింటికి వచ్చిన పిదప పిల్లలను ఒక్క ప్రశ్న అడుగుడు: “చనిపోయినవారెందఱు? వారిలో ఒక్కని పేరు చెప్పుము.” లండను చిత్రమును చూచిన మా కుమార్తె ఎవాన్సు పేరు, వాని బిడ్డ పేరు జెరాల్డిన్ అనియు వెంటనే చెప్పెను. మన సీమచిత్రమును చూచిన రాత్రి కథానాయకుని పేరు తప్ప మఱియొకటి చెప్పలేకపోయెను. కొంతసేపు ఊరకుండి, “చచ్చిపోయినవాళ్లది ఏ ఊరు నాన్నా? మనదేనా?” అని యడిగెను. అవునంటిమి.