సైకిల్ షాపు ముందు బల్ల

వెనకటి రోజుల్లో కాఫీ హోటళ్లలో ఒక బోర్డు వేలాడుతూ ఉండేది, జ్ఞాపకం ఉందా? "ఇచ్చట రాజకీయములు మాట్లాడరాదు" అని. పక్కనే "ఉమ్మి వేయరాదు" అని ఇంకోటి. చిన్నప్పుడు ఆ రెండూ కలిపి చదువుకుని, రాజకీయాలంటే ఉమ్మెయ్యడం లాంటి అసహ్యకరమైన పనేదో కాబోలనుకునేదాన్ని. పెద్దయ్యాక తెలిసింది, హోటలాయనకి రాజకీయాల మీద కోపమేమీ లేదు. ఒక్క కాఫీ తాగి రెండు గంటలు కదలని మనుషుల మీదా, ఆ తర్వాత విరగబోయే కుర్చీల మీదా ఆయన బెంగ.

పాతపట్నంలో మా పుట్టింటికి ఎదురుగా ఒక సైకిల్ షాపుంది. అక్కడ బోర్డు లేదు గానీ బల్ల ఉంది. షాపాయన మాకు చుట్టమేం కాదు, అయినా ఊళ్లో సగంమంది ఆయన్ని మావయ్య అనే పిలుస్తారు కనక నాకూ మావయ్యే. పొద్దున్నే షట్టరు లేవడం ఆలస్యం, బల్ల నిండిపోతుంది. పంక్చరు వేయించుకోడానికి వచ్చినవాడు ఒక్కడుంటే, వేస్తుంటే చూడ్డానికి వచ్చినవాళ్లు ముగ్గురుంటారు. ట్యూబుని నీళ్లలో ముంచి, బుడగ ఎక్కడ లేస్తుందోనని నలుగురూ ఊపిరి బిగపట్టి చూస్తారు చూడండి, గుళ్లో హారతి వేళ కూడా అంత శ్రద్ధ కనిపించదు.

ఇక మాటలంటారా! చైనుకి కొబ్బరినూనె మంచిదా, మిషను ఆయిలు మంచిదా? కుర్రాళ్లు కొంటున్న గేరు సైకిలు గట్టిదా, ధాన్యం బస్తా వేసుకుని ఎత్తు ఎక్కిన పాత నల్ల సైకిలు గట్టిదా? ఊరు ఒడిశా సరిహద్దు. సరిహద్దు దాటితే పర్లాకిమిడి. అంచేత సగం వాదన తెలుగులో మొదలై ఒరియాలో తేలుతుంది. ఎప్పటికీ తెమలని వాదన మాత్రం రైలు గురించి. నౌపడ నుంచి పర్లాకిమిడికి 1900లో వేసిన చిన్న రైలు మార్గం మా ఊరి మీదుగానే పోయేది. పెద్ద లైను వేయడానికి 2004లో ఆపేశారు. ఆ చిన్న రైలుని సైకిలు మీద దాటేశామని చెప్పే ముసలివాళ్లు ఆ బల్ల మీద ఇప్పటికీ ముగ్గురున్నారు. ఒకరు దాటారంటే మిగతా ఇద్దరూ ఒప్పుకోరు.

మా అరుగు మీద కూర్చుంటే ఇవన్నీ వినిపిస్తాయి. చిత్రమేమిటంటే, అరుగు మీదవాళ్లకి బల్ల మీద మాటలన్నీ వినిపిస్తాయి గానీ, బల్ల మీదవాళ్లకి ఎదురుగా ఒక అరుగున్నట్టే గుర్తుండదు. తరతరాలుగా మా ఇంటి ఆడవాళ్లకి లోకజ్ఞానం ఇలాగే అబ్బింది.

అయితే ఏ మాటా పెట్టిన చోట ఉండదు కదా. గేరు సైకిలు దగ్గర మొదలైన మాట, దాన్ని కొన్న కుర్రాడి దగ్గరకీ, వాడి తండ్రి దగ్గరకీ, ఆ తండ్రికి డబ్బెలా వచ్చిందన్న దగ్గరకీ, అక్కణ్ణించి కులం దగ్గరకీ పాకుతుంది. అంతవరకూ వచ్చిందంటే చొక్కా కాలరు ఎంతో దూరంలో ఉండదు. తెలుగులో రచ్చ అంటే పదిమంది కూడే చోటు. "ఇంట గెలిచి రచ్చ గెలువు" అన్నది అందుకే. మరి "ఎందుకయ్యా రచ్చ చేస్తావు?" అన్నప్పుడు అదే మాటకి అల్లరి అని అర్థం. పదిమంది కూడడానికీ గొడవకీ ఒకే మాట సరిపెట్టుకున్న మన పెద్దవాళ్ల అనుభవం ఎంతటిదో!

2024 ఎన్నికల్లో ఆ బల్ల దగ్గర నిజంగానే చేతులు లేచాయట. మావయ్య ఆరోజే శాసనం చేశాడు, సైకిలు మాటైతే బల్ల మీద, ఇంకో మాటైతే రోడ్డు మీద అని. మీకిప్పటికే నవ్వొచ్చి ఉంటుంది. 1983 నుంచీ మన రాష్ట్రంలో సైకిలంటే ఉత్త సైకిలేనా? ఒక పార్టీ గుర్తు కూడానూ! మర్నాడే ఒకాయన తాపీగా కూర్చుని, "నేను సైకిలు గురించే మాట్లాడుతున్నాను" అన్నాడట. రెండో ఆయన తల పైకెత్తి, "మరి ఆ నెత్తిమీద ఫ్యాను ఎందుకు తిరుగుతోందో అడగచ్చా?" అన్నాడట. మావయ్య మారుమాట లేకుండా ఫ్యాను కట్టేసి, మే నెల ఎండలో అందరికీ చెమటలు పట్టించి, "ఇప్పుడు చెప్పండి, ఎవరిదేనా పంక్చరుందా?" అన్నాడట. ఈ ముక్క మా అమ్మ చెప్పగా విని ఎంత నవ్వుకున్నానో!

బి.ఏ.లో మాకు తర్కశాస్త్రం కొంచెం చెప్పారు. గౌతముడి న్యాయసూత్రాల్లో మాటలాట మూడు రకాలు. నిజం తేల్చుకోడానికి చేసేది వాదం. ఎలాగైనా గెలవాలని చేసేది జల్పం. తనకంటూ ఒక పక్షం లేకుండా ఎదుటివాడిది పడగొట్టడానికే చేసేది వితండం. మనకి నచ్చని ప్రతి వాదాన్నీ వితండవాదమనేసి, మనం ఆ మాటని అరగదీశాం గానీ అసలు అర్థం అది. ఓడిపోయినట్టు లెక్కగట్టే సందర్భాలు ఇరవైరెండు చెప్పారు. అందులో ఒకటి అర్థాంతరం, అంటే ఎత్తుకున్న విషయం వదిలేసి ఇంకో విషయంలోకి జారుకోవడం. జారుకున్నవాడు ఓడినట్టే. మావయ్య శాసనం కొత్తదేం కాదన్నమాట. వాదం ఎవరితో చెయ్యాలో కూడా చెప్పారు. శిష్యుడితో, గురువుతో, తోటి విద్యార్థితో, మేలుకోరేవాళ్లతో, అసూయ లేనివాళ్లతో చెయ్యమన్నారు. మంచిదే. కానీ బల్ల మీద చోటే లేనివాళ్లు మాట్లాడాలనుకుంటే ఏం చెయ్యాలో మాకు చెప్పిన పాఠంలో లేదు.

సరిహద్దుకి అవతల పర్లాకిమిడిలోనే గిడుగు రామమూర్తి పంతులుగారు ఎన్నో ఏళ్లు పంతులుగిరీ చేశారు. తెలుగులో అంత పెద్ద వాదం మళ్లీ జరగలేదంటారు. వాడుకభాష కోసం ఆయన ఒక వైపు, 1911లో పుట్టిన ఆంధ్ర సాహిత్య పరిషత్తూ జయంతి రామయ్య పంతులుగారూ మరో వైపు. సవరల ఊళ్లు తిరిగి వాళ్ల భాష నేర్చుకుంటున్న రోజుల్లో మలేరియా వచ్చి, క్వినైను మింగీ మింగీ గిడుగువారికి చెముడొచ్చింది. సరిగ్గా వినబడని మనిషి ఒక భాషంతటితో వాదించాడంటే ఆశ్చర్యంగా లేదూ? చెవులున్నవాళ్లం ఎదుటివాడి మాట పూర్తికాకుండానే జవాబిస్తాం. ఆయన కళ్లతో చదివి జవాబివ్వాలి. ఆ తేడా ఆయన రాతలో కనిపిస్తుంది. గ్రాంథికం తప్ప ఒప్పుకోమన్న పండితుల పుస్తకాల్లోంచే, వాళ్ల వ్యాకరణం ఒప్పుకోని ప్రయోగాలు ఏరి వాళ్ల ముందు పెట్టారు.

మెత్తగా మాట్లాడారా అంటే లేదు సుమండీ. ఒక పుస్తకానికి "ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజం" అని పేరు పెట్టారు. భిషక్కు అంటే వైద్యుడు, భేషజం అంటే మందు. మన వాడుకలో మాత్రం భేషజమంటే డాబు. ఆ పేరు విని ఏ పండితుడూ సంతోషించి ఉండడు. కానీ దెబ్బ భాష మీదే, మాట మీదే. నాకు ఈ విషయం ఎందుకు పట్టుకుందో చెప్పాలంటే ఆ ఆడపిల్ల సంగతి చెప్పాలి.

ఎన్నికలైన రెండు నెలలకి అమ్మ కంటి ఆపరేషను కోసం వెళ్లి నెల్లాళ్లు ఉన్నాను. రోజూ ఎనిమిదిన్నరకి ఒక పిల్ల, తొమ్మిదో తరగతి ఉంటుందేమో, పక్క పల్లె నుంచి సైకిలు తొక్కుకుంటూ వచ్చేది. సరిగ్గా మా ఇంటికి పది గజాల అవతల దిగి, షాపు దాటేదాకా నడిపించుకుంటూ వెళ్లి, మళ్లీ ఎక్కేది. చైను ఊడిపోతోంది కాబోలనుకున్నాను. మావయ్యా అలాగే అనుకున్నాడు. ఓ రోజు పిలిచి, "ఏం గుంటా, చైను పడిపోతోందా?" అంటే తలూపింది. ఆయన చక్రం తిప్పి చూశాడు, ఫ్రీవీలు చూశాడు, చైనుకి నూనె వేశాడు, డబ్బు పుచ్చుకోలేదు. మర్నాడు కూడా ఆ పిల్ల అక్కడే దిగింది.

తర్వాత వారం వాళ్లమ్మ వచ్చింది. పొలం పనికి పోతూ వచ్చినట్టుంది, చేతిలో టిఫిన్ క్యారేజీ.

"ఏటి బావూ, మా గుంట మీకేటి సేసింది? ఇస్కూలుకెల్తన్న పిల్లని సూసి నవ్వడానికేనా మీరిక్కడ కూకుంది? అంత దూరం తొక్కుకొచ్చిన పిల్ల మీ బల్లకాడికొచ్చీసరికి దిగిపోతంది. సైకిలమ్మీయమంటంది!"

ఆ తర్వాత ఆవిడ అన్న మాటలు ఈ పత్రికలో వెయ్యరు.

బల్ల మీద ఒక పెద్దాయన, రైలు దాటిన ముగ్గురిలో ఒకరు, ఎంతో శాంతంగా అన్నారు: "చూడు తల్లీ, ఇది పదిమంది కూర్చునే చోటు. కొంచెం మర్యాదగా మాట్లాడాలి. కుర్రాళ్లు సరదాకేదో అనుంటారు. అయినా ఇక్కడ మేం సైకిళ్ల మాట తప్ప వేరే మాట మాట్లాడుకోం. ఇంటి సంగతులు ఇంట్లో చూసుకోవాలి."

ఎంత చక్కటి మాటలో చూడండి. తల్లీ అన్నారు, గొంతు పెంచలేదు, శాసనం దాటలేదు. ఆవిడేమో అరిచింది, తిట్టింది. పుస్తకం తెరిచి లెక్కేస్తే మర్యాద తప్పిందీ, విషయం తప్పిందీ ఆవిడే.

నేను అరుగు మీదే ఉన్నాను. లేచి ఒక్కమాట అనలేదు. నిజం ఒప్పుకోవాలంటే, లోపల్లోపల చిరాకు కూడా పడ్డాను. అమ్మకి కంట్లో చుక్కలు వేస్తున్నాను, వీధిలో గోల. మెల్లిగా చెప్పుకోకూడదూ అనుకున్నాను. నవలల్లో ఆడవాళ్ల చేత ఎన్ని సంభాషణలు పలికించానో! వారం రోజులు ఒక పిల్ల నా ఎదురుగా సైకిలు దిగుతుంటే చైను అనుకున్నాను.

రాత్రి నిద్రపట్టక ఆలోచిస్తే, అసలు సైకిలు మాట మాట్లాడింది ఆ రోజు ఆవిడొక్కతే అనిపించింది. కొబ్బరినూనె కాదు సైకిలు మాట, తొక్కగలమా లేదా అన్నది సైకిలు మాట. తమిళనాడు పుదుక్కోట్టైలో 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమంలో వేలమంది ఆడవాళ్లు సైకిలు నేర్చుకున్నారు. బీహారులో 2006లో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకి సైకిళ్లకని డబ్బిస్తే, హైస్కూల్లో చేరే ఆడపిల్లలు 32 శాతం పెరిగారని ఆ తర్వాత పరిశోధకులు లెక్క తేల్చారు. మన దగ్గరా "బడికొస్తా" అని ముద్దుగా పేరు పెట్టి పంచిన కాలముంది. సైకిలివ్వడానికి సర్కారుంది. దాని మీద కూర్చున్న పిల్లని చూసి నవ్వకుండా ఉండటానికి సర్కారేం చేస్తుంది?

అలాగని అరిచిన ప్రతివాళ్లదీ న్యాయమేనని నేననను. ఎన్నికల్లో కాలరు పట్టుకున్నవాడూ తనది న్యాయమనే అనుకున్నాడు. తేడా ఎక్కడుందంటే, వాడు గేరు సైకిలు వదిలి మనిషి కులం మీదకి పోయాడు. ఈవిడ ఎన్ని తిట్లు తిట్టినా, ఆ బల్ల మీద జరిగిన పనిని వదిలి పోలేదు. గిడుగువారి పుస్తకం పేరు లాగే, దెబ్బ తగలాల్సిన చోటే తగిలింది. మెత్తగా మాట్లాడిన పెద్దాయన చేసినదే అర్థాంతరం. విషయం మార్చడానికి ఆయన వాడిన పనిముట్టు మర్యాద, అంతే. బల్ల ఎవరిదో వాళ్లే విషయం ఏమిటో తేలుస్తుంటే, ఆ బల్ల గురించి ఫిర్యాదు ఎప్పటికీ వేరే విషయమే అవుతుంది.

మావయ్య ఆ రోజు ఒక్క మాటా అనలేదు. ఆవిడ మాట్లాడినంతసేపూ ట్యూబుని ఆకురాయితో రుద్దుతూనే ఉన్నాడు, సొల్యూషను రాయడం మర్చిపోయేటంతగా. ఆయనకీ కష్టమే. కూర్చునేవాళ్లే ఆయనకి బేరం తెచ్చేవాళ్లు. కోప్పడితే ఇంకో షాపుంది ఊళ్లో.

మర్నాడు పొద్దున్న చూద్దును కదా, బల్ల తిప్పేసి ఉంది. అన్నేళ్లూ రోడ్డు వైపు ముఖం పెట్టిన బల్ల ఇప్పుడు షాపు వైపుకుంది. కూర్చున్నవాళ్లకి రోడ్డు కనబడదు. విప్పిన చక్రాలు, నీళ్ల తొట్టె, మావయ్య ముఖం కనిపిస్తాయి. "ఇదేంట్రా, గోడకేసి కూర్చోమంటావా?" అని ఒకాయన కసిరితే, "పని చూడ్డానికే గదా వస్తన్నారు, చూడండి" అన్నాడు. ఇద్దరు కుర్రాళ్లు రావడం మానేశారు. పెద్దాయన రెండు రోజులు అలిగి మూడోరోజు వచ్చారు. నాలుగు రోజులు బల్ల మీద మాటలే లేవు. ఆ తర్వాత మెల్లిగా చిన్న రైలు మళ్లీ బయల్దేరింది.

పిల్ల మాత్రం వెంటనే తొక్కలేదు. అలవాటో భయమో, ఇంకో వారం దిగి నడిపించుకునే వెళ్లింది. నేను తిరిగొచ్చేసే ముందు రోజు షాపు దగ్గర ఆగి, పంపు తీసుకుని తనే వెనక చక్రానికి గాలి కొట్టుకుంది. బల్ల మీద ఒకాయన మెడ వెనక్కి తిప్పబోయాడు.

"బావూ, ఆ పన్నెండు నంబరు స్పానరు ఇలా అందుకో" అన్నాడు మావయ్య.