చింతించువాడు అల్పవిశ్వాసియా?

కొన్ని సంవత్సరముల క్రిందట నా భార్యకు పెద్ద ఆపరేషను జరుగుచున్న దినమున నేను ఆసుపత్రి వరండాలో ఒక బల్లమీద కూర్చుండియుంటిని. చేతిలో గ్రీకు క్రొత్త నిబంధన యుండెను గాని ఒక్క వచనమైనను కంటికి ఆనలేదు. అంతలో మా సంఘపెద్దలలో ఒకరు వచ్చి, నా ముఖము చూచి, మంచి మనస్సుతోనే, "ఏమండీ అయ్యగారూ, మాకు వాక్యము చెప్పే మీరే ఇట్లా దిగులుపడితే ఎట్లాగండీ? విశ్వాసమున్నచోట చింత ఉండకూడదు గదా" అనిరి. ఆయనకు బదులు చెప్పలేకపోతిని. అప్పటివరకు నాకు ఒక్క చింతయే యుండెను. ఆయన వెళ్లిన తరువాత అవి రెండయ్యెను. భార్యను గూర్చిన భయమునకు తోడు, భయపడుచున్నాను గనుక నా విశ్వాసము వట్టిదేమో యను భయము కూడ వచ్చి చేరెను.

ఈ రెండవ చింతను మోయువారు మన సంఘములలో అనేకులున్నారు. గల్ఫు దేశమునకు పోయిన కుమారునియొద్దనుండి ఫోను రాని తల్లి, కుమార్తె పెండ్లికి చేసిన అప్పు వడ్డీతో పెరుగుచుండగా లెక్కలు చూచుకొను తండ్రి, నడిరేయి లేచి మోకరించి, ప్రార్థించిన తరువాతను నిద్రపట్టనందున తన ప్రార్థనయే చెల్లలేదని తలంచు విధవరాలు, వీరందరును మొదటి భారముమీద రెండవ భారమును తామే యెత్తుకొనుచున్నారు. కాబట్టి చదువరులారా, ఈ ప్రశ్నను నేరుగా అడుగవలసియున్నది: చింతించుట పాపమా? చింతించువాడు అల్పవిశ్వాసియా?

కొండమీది ప్రసంగములో అన్నవస్త్రములను గూర్చి చింతించు శిష్యులను ప్రభువు ఆ మాటతోనే పిలిచెనన్నది నిజము. దానిని మనము దాటిపోరాదు. అయితే మత్తయి ఈ బిరుదును ఎవరికిచ్చెనో చూడుడి. పరిసయ్యులకు గాని అన్యజనులకు గాని దానిని ఎన్నడును ఇయ్యలేదు. తన సువార్తలో అది కనబడు ప్రతి చోటను ప్రభువును వెంబడించుచున్న శిష్యులకే అది చెందినది. విశ్వాసము లేనివాడని దాని అర్థము కాదు. ఉన్న విశ్వాసము కొంచెమైనదని అర్థము. పదునాల్గవ అధ్యాయములో పేతురు నీళ్లలో మునిగిపోవుచు కేక వేసినప్పుడు ప్రభువు వెంటనే చెయ్యి చాపి అతని పట్టుకొనెను. అల్పవిశ్వాసీ అని పిలిచినది అటుతరువాతనే. చెయ్యి ముందు, మాట వెనుక. మనలో అనేకులము ఈ వరుసను తలక్రిందులు చేయుచున్నాము. మునుగుచున్నవానికి ఒడ్డుననుండి మాట విసరివేసి, చేతులు కట్టుకొని నిలిచియుందుము.

నేను అనువాద కార్యములో చాలకాలము గడిపినవాడను గనుక ఒక మాటను గూర్చి కొంచెము విపులముగా చెప్పుటకు అనుమతింపుడి. మన తెలుగు బైబిలులో చింతయని చదువునప్పుడు దానివెనుక సాధారణముగా మెరిమ్న అను గ్రీకు మాట యుండును. ఇది 'విభజించు' అను ధాతువునుండి పుట్టినదనియు, కాబట్టి చింతయనగా చీలిన మనస్సనియు ప్రసంగికులు చెప్పుచుందురు. నేనును యౌవనకాలమున అట్లే చెప్పితిని. ఆ వ్యుత్పత్తిని భాషాశాస్త్రజ్ఞులందరును ఒప్పుకొనరు గనుక ఇప్పుడు చెప్పుట మానుకొంటిని. మాట యెక్కడ పుట్టినదో వెదకుటకంటె, ఎక్కడెక్కడ వాడబడెనో చూచుట మేలు.

ఫిలిప్పీయులకు వ్రాసిన పత్రిక నాల్గవ అధ్యాయములో, దేనిని గూర్చియు చింత వద్దని పౌలు చెప్పెను. ఆ పత్రిక రెండవ అధ్యాయములోనే, వారి క్షేమమును గూర్చి నిజముగా చింతించువాడు తిమోతివంటివాడు మరియొకడు లేడని అతనిని మెచ్చుకొనెను. గ్రీకులో రెండు చోట్లను ఒకటే క్రియ. మన తెలుగు అనువాదకులు కూడ నమ్మకముగా రెండు చోట్లను చింతయనియే ఉంచిరి. కొరింథీయులకు వ్రాసిన రెండవ పత్రికలో తాను పడిన దెబ్బలను, ఓడ బద్దలగుటలను, ఆకలి దప్పులను లెక్కించి, వీటన్నిటికి కడపట, సంఘములన్నిటిని గూర్చి ప్రతిదినము తనకు కలుగు చింతను చేర్చెను. దానిని తన పాపముల పట్టికలో చేర్చలేదు, క్రీస్తుకొరకు తాను మోసిన వాటి పట్టికలో చేర్చెను. త్రోయలో సువార్తకు ద్వారము తెరువబడియుండగా తీతు కనబడనందున మనస్సు నిలువక మాసిదోనియకు బయలుదేరినవాడు ఈ పౌలే. ఎపఫ్రొదితు చావునకు సిద్ధమైనంతగా రోగియైనప్పుడు, అతడు బ్రదికి తిరిగి వారియొద్దకు చేరినయెడల తన దుఃఖము కొంత తగ్గునని వ్రాసినవాడును ఇతడే. కొంత తగ్గునని వ్రాసెనే గాని పూర్తిగా పోవునని వ్రాయలేదు.

అట్లయిన పౌలు తన మాటను తానే మీరెనా? నేనట్లు తలంచను. ప్రేమ ఉన్నచోట చింత తప్పదు. ప్రేమించుట మానుకొన్నవానికే అది తప్పును. పౌలు వద్దన్నది ఆ చింతను దేవునికి తెలియనీయక మనయొద్దనే దాచుకొనుట. అందుకే ఆయన వాక్యము 'వద్దు' అను మాటతో ఆగలేదు. ప్రతి విషయములోను కృతజ్ఞతతో కూడిన ప్రార్థనచేత మన విన్నపములు దేవునికి తెలియజేయవలెనని దానిని పూర్తిచేసెను. విన్నపములు అని బహువచనము. ఇది కావలెను, అది కావలెను అని ఒక్కొక్కటిగా పేరుపెట్టి అడుగునవి. తరువాతి వచనములోని వాగ్దానమును కూడ జాగ్రత్తగా చదువుడి. అడిగినదెల్ల దొరకునని అక్కడ లేదు. దేవుని సమాధానము మన హృదయములకు కావలి యుండునని యున్నది. అది సైనికులు వాడు మాట. క్రీస్తుపూర్వము 42వ సంవత్సరమున జరిగిన యుద్ధము తరువాత ఫిలిప్పీలో రోమా సైనికులు కాపురముంచబడిరి గనుక ఆ పట్టణపువారికి అది సుపరిచితమైన మాటయై యుండును. శత్రువు లేని ఊరికి కావలి ఎందుకు? కావలి యున్నదనగా భయము గోడకు వెలుపల ఇంకను తిరుగుచున్నదనియే అర్థము.

పేతురు మొదటి పత్రిక అయిదవ అధ్యాయములో మరియొక విశేషమున్నది. మన చింతను దేవునిమీద వేయుమనునది తెలుగులో వేరొక ఆజ్ఞవలె కనబడును. గ్రీకులో అది ముందు వచనములోని 'దీనమనస్కులై యుండుడి' అను ఆజ్ఞకు తగిలియున్న మాట. అనగా తగ్గించుకొనుట ఎట్లని అడిగినయెడల, చింతను ఆయనమీద వేయుటచేతనే యని పేతురు ఉత్తరమిచ్చుచున్నాడు. సాక్ష్యపు కూటములలో నాకు ఏ చింతయు లేదని చిరునవ్వుతో చెప్పుట మనము విశ్వాసమనుకొందుము. ఒక్కొక్కప్పుడు అది గర్వమైయుండవచ్చును. 'వేయుట' అని ఇక్కడ వాడిన క్రియ క్రొత్త నిబంధనలో మరియొక్క చోటనే కలదు. లూకా పందొమ్మిదవ అధ్యాయములో శిష్యులు తమ వస్త్రములను గాడిదపిల్లమీద వేసిరి. వస్త్రములు వారివే, వాటిమీద ప్రభువు కూర్చుండి యెరూషలేమునకు సాగిపోయెను. వారును వెంట నడచిరి.

అదే వచనములో దేవుడు మనలను గూర్చి చింతించుచున్నాడని తెలుగులో చదువుదుము. గ్రీకులో మన చింతకు ఒక మాట, ఆయన చింతకు వేరొక మాట. తెలుగువారు రెంటికిని ఒకే మాట వాడిరి. విద్యార్థిగా నేను దీనిని అనువాద లోపమని వ్రాసి, గురువుగారిచేత మెప్పు పొందితిని. ఇప్పుడు దానిని దిద్దుటకు నాకు చేయి రాదు. చిత, చింత అను వాటికి ఒక్క సున్నయే భేదమనియు, ఒకటి చచ్చినవానిని, మరియొకటి బ్రదికినవానిని కాల్చుననియు మన పెద్దలు చెప్పుదురు. అట్టి మాటను దేవునికి కూడ చెందజేయుటకు మన అనువాదకులు వెనుదీయలేదు.

ఈ ప్రశ్న ఒక కాపురములో ఎట్లు కనబడునో మార్టిన్ లూథరుగారి కడపటి దినములు చూపును. 1546 జనవరిలో ఆయన, ఆరోగ్యము సరిగా లేకయే, మాన్స్‌ఫెల్డు ప్రభువుల తగవు తీర్చుటకై ఐస్లెబెను పట్టణమునకు బయలుదేరెను. త్రోవలో హాలె యొద్ద నది పొంగి ప్రయాణము ఆగెను. విట్టెన్‌బెర్గులోనున్న భార్య కాతరీనా నిద్రాహారములు లేక చింతించుచున్నదని తెలిసి ఆయన హాస్యముతో ఉత్తరములు వ్రాసెను. నీకంటెను దేవదూతలందరికంటెను శ్రేష్ఠుడైనవాడొకడు నా విషయమై చింతించుచున్నాడు, ఆయన పశువుల తొట్టిలో పరుండినవాడు అని ఒక ఉత్తరములోని భావము. నీవు చింతించుట మొదలుపెట్టినది మొదలుకొని ఇక్కడ మంటలు లేచెను, రాయి ఊడిపడెను అని మరియొక దానిలో పరిహసించెను. ఆ రెండవ ఉత్తరము ఫిబ్రవరి 10వ తేదీది. 18వ తేదీ తెల్లవారకమునుపే ఆయన ఐస్లెబెనులో కన్నుమూసెను. కాతరీనా దగ్గర లేదు.

నేను ఈ ఉత్తరములను అనేకమారులు పాఠములో చెప్పితిని. ఎప్పుడును లూథరుగారి పక్షమే వహించితిని. ఆసుపత్రి వరండాలో కూర్చున్న తరువాత కాతరీనా పక్షమున కూడ ఒక మాట చెప్పవలెనని తోచుచున్నది. ఆమె భయపడినదే జరిగెను. లూథరుగారి విశ్వాసము అబద్ధము కాలేదు, ఆమె చింతయు వెఱ్ఱిది కాలేదు. ఆయన నవ్వుచు అప్పగించెను; ఆమె ఏడ్చుచు అప్పగించియుండవచ్చును. అప్పగించినది ఒక్కరికే.

ఇక్కడ మరియొక మాట చెప్పక తప్పదు. కొందరికి చింత కేవలము మనస్సు సంగతి కాదు, వ్యాధియే. కారణము లేకయే గుండె దడదడ కొట్టుకొనుట, ఊపిరాడనట్లుండుట, నెలల తరబడి నిద్ర లేకపోవుట గలవారిని వైద్యునియొద్దకు పంపక, ఉపవాస ప్రార్థనకు మాత్రము పంపుట ప్రేమ కాదు. చావగోరి చెట్టు క్రింద పరుండిన ఏలీయాకు దేవదూత ప్రసంగము చేయలేదు. రొట్టెయు నీళ్లును ఇచ్చి నిద్రపోనిచ్చెను, మరల లేపి మరల పెట్టెను. దేవుడు అతనిని ప్రశ్నించినది నలువది దినముల తరువాత హోరేబులోనే. అట్లే, కూలి దొరకని ఇంటిలో కొండమీది ప్రసంగము చదువువాడు ఒక సంచి బియ్యము కూడ తీసికొనిపోవలెను. ఆ విషయములో యాకోబు పత్రిక నాకంటె కఠినముగానే మాటలాడును.

ఆ దినమున పెద్దగారు వెళ్లిన కొంతసేపటికి, పూర్వము మా సంఘములో బైబిలు స్త్రీగా పనిచేసిన ఒక ముసలమ్మ ఫ్లాస్కుతో టీ తెచ్చెను. నా ప్రక్కను కూర్చుండి, "ముందు తాగు నాయనా" అనెను. త్రాగిన తరువాత, ప్రార్థింతునా అని నన్నడుగకయే కన్నులు మూసికొని, పొరుగింటివానితో మాటలాడునట్లు మొదలుపెట్టెను. "ప్రభువా, లోపల నీ బిడ్డ పడుకొని ఉన్నది. ఆమెకు షుగరు ఉన్నది, నీకు తెలుసు. రక్తము రెండు ప్యాకెట్లు కావాలన్నారు, ఒకటే దొరికింది. చిన్నపిల్ల పరీక్షకు పోయింది, పొద్దున ఏమైనా తిన్నదో లేదో. ఈయనకు చదువు ఎక్కువ, ధైర్యము తక్కువ. నీవే చూసుకో తండ్రీ."

ఆమేన్ అని కన్నులు తెరచెను. ఇకమీదట చింతపడవద్దని నాతో చెప్పలేదు. ఫ్లాస్కు మూత బిగించి, ఆపరేషను గది తలుపువైపు తిరిగి, అది తెరువబడువరకు నాతోకూడ దానినే చూచుచు కూర్చుండెను.