బిడ్డను ఏ బడిలో వేద్దాం?

 

వేసవి సెలవులు వచ్చాయంటే మన ఊళ్ళలో ఒక దృశ్యం కనిపిస్తుంది. చిన్న చిన్న ప్రైవేటు స్కూళ్ళ టీచర్లు కరపత్రాలు పట్టుకుని ఎండలో ఇల్లిల్లూ తిరుగుతారు. "మీ బాబును మా దగ్గర చేర్పించండి" అని అడుగుతారు. ఆ రోజుల్లోనే మేము కోనసీమలో అమలాపురానికి దగ్గరగా ఉన్న బండారులంకలో ఒక సోదరుని ఇంట కూర్చుని ఉన్నాము. ఆయన ఒక కరపత్రం మా ముందు ఉంచి, "హజ్రత్, అబ్బాయిని ఎల్.కె.జి.లో వేద్దామనుకుంటున్నాను. ఏడో తరగతి దాకా ఇక్కడే చదవవచ్చట. ఫీజుకు కొంత వడ్డీకి తెచ్చుకోవాలి. దుఆ చేయండి" అన్నారు. మేము జవాబు చెప్పేలోగా లోపలి నుంచి ఆయన భార్య మెల్లగా అడిగారు: "హజ్రత్, మరి అమ్మాయి సంగతి ఏమిటి? అది వీడికన్నా రెండేళ్ళు పెద్దది. దానికి ఫీజు బడి అక్కర్లేదంటున్నారు."

ఆ ఇంట్లో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఈ ప్రశ్న ఆ ఒక్క ఇంటిది కాదు. అందుకే ఆ రోజు మేము చెప్పిన మాటలను ఇక్కడ మీ అందరి ముందూ ఉంచుతున్నాము.

సంతానం మన సొత్తు కాదు, అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు. మనల్నీ మన ఇంటివారినీ నరకాగ్ని నుంచి కాపాడుకోమని తహ్రీమ్ సూరా 6వ ఆయతులో అల్లాహ్ విశ్వాసులను ఆదేశించాడు. ప్రతి ఒక్కరూ కాపరే, తన మంద గురించి ప్రతి ఒక్కరూ జవాబు చెప్పుకోవలసిందేనని దైవప్రవక్త (స) హెచ్చరించారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఈ హదీసు ఉంది. కాబట్టి బడిని ఎన్నుకోవడం కూడా ప్రళయదినాన లెక్క చెప్పవలసిన పనే.

కొందరు సోదరులు "ముస్లిమేతరులు నడిపే బడికి పంపవచ్చునా?" అని అడుగుతూ ఉంటారు. బద్ర్ యుద్ధంలో పట్టుబడిన మక్కా ఖైదీలలో విడుదల సొమ్ము ఇచ్చుకోలేనివారు కొందరున్నారు. అన్సారుల పిల్లలకు రాయడం నేర్పడమే వారి పరిహారంగా దైవప్రవక్త (స) నిర్ణయించారని ఇబ్నె అబ్బాస్ (రజి) ఉల్లేఖించారు. ఆ గురువులు విశ్వాసులు కారు, నిన్నటి దాకా కత్తి పట్టి ఎదుట నిలిచినవారు. అయినా అక్షరాన్ని వారి నుంచి స్వీకరించారు. విశ్వాసాన్ని మాత్రం తల్లిదండ్రులు, మస్జిదు నేర్పారు. ఈ పని విభజనను మనం మరచిపోరాదు.

ఇక బడిని ఎలా పరీక్షించాలి? బండారులంక మగ్గాల ఊరు. అక్కడ చీర కొనేవారు పైమెరుపు చూసి కొనరు. కొంగు విప్పుతారు, అంచు పట్టి చూస్తారు, వెనక్కు తిప్పి పోగు చూస్తారు. కొన్నేళ్ళు కట్టే చీరకే ఇంత పరీక్ష అయితే బిడ్డ బాల్యాన్ని అప్పగించే చోటును ఎంత చూడాలి?

మొదట గుర్తింపు అడగండి. ఎన్నో తరగతి దాకా గుర్తింపు ఉందో ఆ కాగితం చూపమనండి. అయిదు దాకా గుర్తింపు ఉంచుకుని ఏడు దాకా నడిపే చోట రేపు మీ బిడ్డ టి.సి.కి చిక్కు వస్తుంది.

రెండవది భద్రత. 2004 జూలై 16న తమిళనాడులోని కుంభకోణంలో ఒక బడి వంటశాలలో రేగిన మంట పైకప్పుకు అంటుకుని 94 మంది పిల్లలు మరణించారు. మెట్లు ఇరుకు. పిల్లలు బయటపడలేకపోయారు. కనుక పైకప్పు చూడండి, రెండో దారి ఉందేమో చూడండి. ఆడపిల్లలకు వేరే మరుగుదొడ్డి ఉందా, దానికి నీళ్ళున్నాయా అన్నది కూడా చూడండి. కాలువ గట్ల వెంట తిరిగే బడి ఆటోలో ఎంతమందిని ఎక్కిస్తున్నారో ఒక ఉదయం నిలబడి లెక్కపెట్టండి.

మూడవది ఉపాధ్యాయులు. 2009లో చేసిన విద్యాహక్కు చట్టం ప్రాథమిక తరగతులలో 30 మందికి ఒకరు, 6 నుంచి 8 వరకు 35 మందికి ఒకరు చొప్పున ఉపాధ్యాయులు ఉండాలంటుంది. బిడ్డను కొట్టడం, మానసికంగా వేధించడం ఆ చట్టం 17వ సెక్షను ప్రకారం నిషేధం. చిన్న బడిలో ఉన్న మేలు ఏమిటంటే, టీచరుకు ప్రతి బిడ్డ పేరూ తెలుస్తుంది. ఉన్న కీడు ఏమిటంటే, జీతం చాలక టీచర్లు ఏటా మారిపోతూ ఉంటారు. నిరుడున్న టీచర్లలో ఈ ఏడు ఎందరు మిగిలారని అడగండి.

నాలుగవది దీన్. పెద్ద తరగతుల అబ్బాయిలను జుమాకు పంపుతారా, అమ్మాయి తలపై వస్త్రానికి అభ్యంతరం ఉందా అని చేర్చక ముందే మర్యాదగా మాట్లాడుకోండి. ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడిలో సంరక్షకుని సమ్మతి లేకుండా బిడ్డను మతపరమైన ఆరాధనలో పాల్గొనమనరాదని రాజ్యాంగం 28వ అధికరణం చెబుతోంది. దీన్ని తగవుగా కాక వినయంగా చెప్పండి. చాలామంది హెడ్మాస్టర్లు అర్థం చేసుకుంటారు.

బడి ఎంత మంచిదైనా కొన్ని పనులు చేయలేదు. ఏడేళ్ళకు నమాజు నేర్పవలసినది మనమే అని అబూ దావూద్‌లోని హదీసు గుర్తుచేస్తుంది. సాయంత్రం రాత్రి దాకా ట్యూషను పెట్టి మక్తబ్ మాన్పించే ఇంట్లో బిడ్డకు ఇంగ్లీషు వస్తుందేమో గాని, ఖుర్‌ఆన్ తెరవడం రాదు. అలాగే తెలుగు రాయడం రాని బిడ్డ రేపు తెలుగు అనువాదంలో అల్లాహ్ సందేశాన్ని ఎలా చదువుతాడు?

ఇప్పుడు ఆ తల్లి ప్రశ్నకు వద్దాము. నోమాన్ బిన్ బషీర్ (రజి)కి ఆయన తండ్రి ఒక కానుక ఇచ్చి, దానికి దైవప్రవక్త (స)ను సాక్షిగా ఉండమన్నారు. నీ బిడ్డలందరికీ ఇలాగే ఇచ్చావా అని ఆయన (స) అడిగారు. లేదనగానే అల్లాహ్‌కు భయపడమని, సంతానం మధ్య న్యాయం చేయమని చెప్పారు. తండ్రి ఆ కానుకను వెనక్కు తీసుకున్నారు. బుఖారీ, ముస్లింలలో ఉన్న ఈ సంఘటన మనల్ని నిలదీస్తోంది. సర్కారు బడి తక్కువది కాదు. అక్కడ చదివి గొప్పవారైనవారు ఎందరో ఉన్నారు. అయితే కొడుక్కు పనికిరాదనుకున్న బడిని కూతురికి సరిపోతుందనుకోవడమే అన్యాయం.

వడ్డీ సంగతీ అంతే. హరాము సొమ్ముతో హలాల్ చదువుకు పునాది వేయకండి. పేద, బలహీన వర్గాల పిల్లలకు ప్రైవేటు బడుల ప్రవేశ తరగతిలో 25 శాతం సీట్లు విద్యాహక్కు చట్టం కేటాయించింది. ఆ దరఖాస్తు గురించి మండల విద్యాశాఖాధికారి కార్యాలయంలో అడగండి. అందకపోతే ఇద్దరినీ మంచి సర్కారు బడికే పంపండి. మిగిలిన సొమ్ముతో పుస్తకాలు కొనండి, సాయంత్రం మీరే పక్కన కూర్చోండి.

ఆ సోదరుడు కరపత్రాన్ని మడిచి జేబులో పెట్టుకున్నారు. "ఇద్దరినీ ఒకే బడికి పంపుతాను హజ్రత్. ఏ బడి అన్నది ఇద్దరం కలిసి ఆలోచించుకుంటాము" అన్నారు. మాకు అంతకన్నా సంతోషం లేదు. మీరు కూడా ఇంటివారితో సంప్రదించండి, ఇస్తిఖారా చేయండి, ఆ తరువాత అల్లాహ్‌పై భారం వేయండి.

అల్లాహ్ మన బిడ్డలకు మేలైన జ్ఞానాన్ని, మనకు వారి మధ్య న్యాయం చేసే హృదయాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.