మోసపు విల్లు



హోషేయ ప్రవక్త (7:16) ఇశ్రాయేలీయులను మోసపు విల్లుతో పోల్చెను. విల్లు ఎట్లు మోసము చేయును? ఈ మాట గ్రహించుటకు విల్లు చేయు పనిని కొంత తెలిసికొనవలెను.

కొయ్యకు కొమ్మును, నరమును కలిపి విండ్లు చేయుట ఆ దేశములలో మిక్కిలి ప్రాచీనమైన పని. 1922లో బయలుపడిన ఐగుప్తు రాజు టుటంఖామూను సమాధిలో ఇట్టి విండ్లు దొరికెను. తరువాతి కాలమున తురుష్కులు ఈ పనిలో పేరుపొందిరి.

నడుమ కొయ్య బద్ద యుండును. విలుకాని వైపున గేదెకొమ్ము పలకను అతికింతురు; విల్లు వంగునప్పుడు అది నొక్కుడును ఓర్చును. ఎదుటి వైపున పశువుల కాళ్ల నరములను దంచి, పోగులుగా చీల్చి, బంకలో ముంచి పరతురు. అవి లాగుడును ఓర్చును. ఒక పొర ఆరినగాని మరియొక పొర వేయరాదు. మంచి విల్లు ముగియుటకు సంవత్సరమో, అంతకంటె ఎక్కువో పట్టును.

తొందరపడినవాని విల్లు పైకి ఆరినట్లుండును, లోపల పచ్చిగానుండును. పైన తోలు కప్పి రంగు వేసిన తరువాత ఎవరికిని తెలియదు. బలముగా లాగిన దినమున కొమ్ము ఊడిపోవును.

ఇక్కడ ఒక ప్రశ్న. అట్టి విల్లును కొన్నవాడు దానిని గోడకు తగిలించి ఎన్నడును లాగలేదనుకొనుడి. ఎవనికిని నష్టము లేదు. చేసినవానియందు దోషమున్నదా? లేదని కొందరందురు. అయితే కొన్నవాడు తన ప్రాణమునే దానికి అప్పగింపగలనని నమ్మి వెల యిచ్చెను. ఆ నమ్మకము అమ్మిన దినముననే వంచింపబడెను. విరుగుట తప్పును పుట్టింపదు, బయలుపరచును. మరియొకడు నమ్మకముగా చేసిన విల్లు కొమ్ములోని కానరాని పగులువలన విరిగినయెడల అతడు దోషి కాడు. మనుష్యులు విరుగుటను చూచి తీర్పు తీర్తురు. దేవుడు హృదయమును చూచును (1 సమూయేలు 16:7).

కాబట్టి ఎవరును అడుగని సంఘపు కానుకల లెక్కయందును, చీకటిలో జరిపిన గట్టురాతియందును, అంగడి తూనికయందును మనలను మనము పరీక్షించుకొందము. ఇంతవరకు పట్టుబడకపోవుట నమ్మకత్వము కాదు.

అయినను నిరాశపడకుడి. ఆ బంక వెచ్చని తడి తగిలిన మెత్తబడును; చెడిన అతుకును విప్పి మరల అతికింపవచ్చును. విప్పబడుట బాధయే. అయినను యుద్ధములో విరుగుటకంటె మనలను చేసినవాని చేతులలో విప్పబడుట మేలు గదా! ఆయన యెదుట నేడే మన లోపలిది ఒప్పుకొందము. ఆమేన్.