చిగురుపై తీర్పు

ఖరగ్‌పూర్ రైల్వే పట్టణమున, ఝపటాపూర్‌లోని మా వసారాలో పెరుగుచున్న మనీప్లాంటు కొనచిగురును ప్రతి ఉదయము ఛాయాచిత్రము తీయుచున్నాను. నిన్నటి చిత్రమునకును నేటిదానికిని భేదము కానరాదు. నెల దినముల చిత్రములను వరుసగా పేర్చినచో, చుట్టుకొనియున్న ఆకు విచ్చుకొనుట తెలియును. పెరుగుదల ఏ ఒక్క చిత్రమునందును లేదు. చిత్రముల నడుమ ఉన్నది.

1917లో కలకత్తాలో విజ్ఞానమందిరము నెలకొల్పిన జగదీశచంద్ర బోసు, క్రెస్కోగ్రాఫ్ అను యంత్రముతో మొక్కల పెరుగుదలను పదివేల రెట్లు పెద్దదిగా చేసి చూపెను. కంటికి నిశ్చలముగా తోచునది నిశ్చలము కాదని ఋజువైనది.

మనుష్యుల విషయమున మనకట్టి యంత్రము లేదు. అయినను ఒక్కనాటి ముఖము చూచి, “వీడిక మారడు” అని కన్నబిడ్డపైనో, తోడి పనివానిపైనో తీర్పు చెప్పుదుము. ఆ మాట అనుటకు ముందు, మనవద్ద ఎన్నినాళ్ల చిత్రములున్నవో లెక్కించుకొనుట ధర్మము.