పుల్ల కోసిన కట్టర్

బెజవాడలో కాలువ కట్ట మీద ఒక మేస్త్రికి సైకిల్ షాపు ఉండేది. ఆయన పని నేర్చుకున్న రోజుల్లో ఊరంతా నల్ల సైకిళ్లే. బ్రేకులకు ఇనప కడ్డీలే తప్ప వైరన్న మాట లేదు. కడ్డీ వంగితే సుత్తితో సరిచేయడం, పంచరు వేయడం, పుల్లలు బిగించడం, అక్కడితో పని అయిపోయేది. గేర్ల సైకిళ్లు ఎక్కువయ్యాక ఆయన మేనల్లుణ్ణి తెచ్చి పనిలో పెట్టుకున్నాడు. కుర్రాడు చురుకే. కాకపోతే ఏ పని వచ్చినా వాడి చెయ్యి ముందు కటింగ్ ప్లేయరు మీదికే పోయేది.

ఒకరోజు ఇంజినీరింగ్ చదివే అమ్మాయి గేర్ల సైకిల్ తెచ్చింది. వెనక గేరు వైరు తుప్పు పట్టింది, పైనున్న ఔటరు పగిలింది. కుర్రాడు కొత్తవి తీసి, ప్లేయరుతో కటుక్కున కోసి, బిగించి పంపేశాడు. సాయంత్రానికి ఆ పిల్ల మళ్లీ వచ్చింది.

"గేరు ఎక్కుతోంది గానీ దిగమంటే దిగట్లేదన్నా."

కుర్రాడు మర అటూ ఇటూ తిప్పాడు. స్ప్రింగుకి నూనె పోశాడు. ఆఖరికి గేరు చేసినవాణ్ణి తిట్టాడు. మేస్త్రి ఔటరు ఊడదీసి, కోసిన కొసని వాడి కళ్లముందు పెట్టాడు.

"ఇది కోసినట్టుందా, నమిలినట్టుందా?"

కొస చదునుగా నొక్కుకుపోయింది. లోపలి తెల్ల ప్లాస్టిక్ గొట్టం సన్నటి చీలికలా మూసుకుంది. దాంట్లో వైరు రాసుకుంటూ కదులుతోంది.

"నువ్వు మీట నొక్కితే నీ వేలి బలానికి వైరు వస్తుంది. వదిలాక దాన్ని వెనక్కి లాగాల్సింది ఆ గేరు దగ్గరున్న చిన్న స్ప్రింగు. దానికంత బలం ఎక్కడిదిరా?"

"బ్రేకు ఔటర్లు కూడా దీంతోనే కోస్తున్నాం కదా మావయ్యా. అవి బానే ఉన్నాయిగా?"

మేస్త్రి రెండు ముక్కలు పక్కపక్కన పెట్టి పై తొడుగు ఒలిచాడు. 5 మిల్లీమీటర్ల బ్రేకు ఔటరులో చదునైన ఉక్కు తీగ చుట్టలు చుట్టలుగా ఉంది. ప్లేయరు అంచు ఆ చుట్టల సందులోకి దూరి ఒక్క చుట్టను తెంపితే చాలు. తెగిన చోట ముల్లు మిగులుతుంది, ఆకురాయితో రుద్ది చదును చేయాలి. కోసేముందు పాత వైరు ముక్కొకటి లోపల దూర్చి పెడితే గొట్టం నొక్కుకుపోదు. కోశాక ఆరతో రంధ్రం తెరవాలి. ఇంత చేస్తే ప్లేయరుతోనైనా నెగ్గుకురావచ్చు.

4 మిల్లీమీటర్ల గేరు ఔటరు సంగతి వేరు. అందులో సన్నటి ఉక్కు తీగలు పొడవునా వరసగా నిలబడి ఉంటాయి. అన్నీ ఒక్కసారే, ఒక్క ఎత్తులో తెగాలి. మీట ఒక్క మెట్టు కదిలితే వైరు జరిగేది షిమానో 8 గేర్ల సైకిళ్లలో 3 మిల్లీమీటర్ల లోపే. కొస వంకరగా ఉండి, దానికి తొడిగే టోపీలో కాస్త కుంగినా గేరు తప్పినట్టే. ఈ ఔటరుని బ్రేకుకి వాడటం మరీ ప్రమాదం. గట్టిగా బ్రేకు నొక్కితే ఆ తీగలు తొడుగు చీల్చుకుని బయటికి రాగలవు, ఆ క్షణాన బ్రేకు ఉండదు.

"దీనికి తగిన పనిముట్టు నా దగ్గర లేదు" అని మేస్త్రి గల్లా తీసి డబ్బిచ్చాడు. కుర్రాడు కేబుల్ కట్టర్ కొనుక్కొచ్చాడు. వంపు తిరిగిన రెండు పళ్లు వైరుని చుట్టూ పట్టుకుని, పోగులన్నిటినీ దగ్గరికి చేర్చి, ఒకదాన్నొకటి దాటుతూ కోస్తాయి. ప్లేయరుతో కోసినప్పుడు విప్పిన చీపురులా విచ్చుకునే వైరు దీంతో ఒక్క పోగు కూడా చెదరకుండా తెగింది. ముందు ఔటరు కోసి, వైరు ఎక్కించి, గేరు సరిచూసుకున్నాకే రెండంగుళాలు వదిలి మిగతాది కోసి, కొసకు టోపీ నొక్కడం కుర్రాడికి అలవాటైంది. గేరు సైకిళ్లవాళ్లు ఆ షాపే వెతుక్కుంటూ రాసాగారు.

పేరు వచ్చాక కట్టర్ కుర్రాడి చెయ్యి వదల్లేదు. పక్క కొట్టువాడు జీఐ తీగ తెస్తే దాంతోనే కోసిచ్చాడు. చక్రంలో విరిగిన పుల్లలనీ దాంతోనే కత్తిరించాడు. కొన్నాళ్లకు వైరు కోస్తే రెండు మూడు పోగులు తెగకుండా వేలాడసాగాయి. కుర్రాడు వాటిని మెలితిప్పి తుంచేసేవాడు.

మేస్త్రి కట్టర్ మూసి వెలుతురుకి ఎత్తి పట్టాడు. పళ్ల మధ్యనుంచి వెలుగు కనబడింది. అంచు మీద పుల్ల మందాన చిన్న గంటు.

"వైరూ ఉక్కే, పుల్లా ఉక్కే కదా మావయ్యా!"

"వైరు సన్నటి పోగుల కట్ట. పళ్లు దాన్ని కొద్దికొద్దిగా కోసుకుంటూ పోతాయి. పుల్ల 2 మిల్లీమీటర్ల ఒంటి కడ్డీ. నువ్వు పెట్టే బలమంతా అంచు మీద ఒక్క చోటే పడుతుంది. అదిగో, ఆ గంటు దగ్గర."

ఆ కట్టర్‌ని ఆయన పుల్లలకే వదిలేశాడు. కొత్తది కొన్నాడు, సగం ఖరీదు కుర్రాడి జీతంలోంచి. వైర్లకే అని గుర్తుగా దాని పిడికి ఎర్ర టేపు చుట్టి, పక్క కొట్టువాడు అడిగితే చూపించమని జీఐ తీగకి ఉలీ సుత్తీ విడిగా పెట్టాడు.

నీతి: మంచి పనిముట్టుని సంపాదించడం సగం పనే. దాంతో చేయకూడని పనిని కాదనగలగడం మిగతా సగం.

"పనికి తగ్గ పనిముట్టు" అని పెద్దలు చెప్పేది నిజమే. అయితే రెండోసారి కుర్రాడి చేతిలో ఉన్నది తగిన పనిముట్టే. అది బాగా కోస్తుంది కాబట్టే అన్నిటికీ దాన్నే వాడాడు, అందుకే చెడింది. ఆఫీసుల్లోనూ ఇంతే, ఒళ్లు దాచుకోకుండా పనిచేసేవాడి బల్ల మీదికే సంబంధం లేని ఫైళ్లన్నీ చేరతాయి. తోటపని కత్తెరలకు పేరుపడ్డ స్విట్జర్లాండు కంపెనీ ఫెల్కో కూడా కొమ్మల కత్తెరతోనే వైర్లు కోసుకోమని చెప్పదు. ఉక్కు వైర్లకు సీ7 అని వేరే కట్టర్ చేసి, 7 మిల్లీమీటర్ల మందం దాకా అని హద్దు కూడా పెట్టింది.

మీరు కట్టర్ కొనబోతే ఖరీదు అడిగేముందు దాన్ని మూసి వెలుతురుకి పట్టి చూడండి. 1.2 మిల్లీమీటర్ల గేరు వైరు ముక్కొకటి జేబులో వేసుకెళ్లి అక్కడే కోయండి. ఒక్క పోగు విచ్చుకున్నా దాన్ని కొట్లోనే వదిలి రండి.